మాస్కులు - క్రిస్మస్ బేరములు

ఆల్‌ఫ్రెడ్ క్రాస్బీ గ్రంథము 'ఎపిడెమిక్ అండ్ పీస్, 1918' (1976) నందలి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకరణము చదువదగినది. ఇన్‌ఫ్లుయెంజా తగ్గెనని 1918 నవంబరు 21న గాజుగుడ్డ మాస్కుల శాసనమును ఎత్తివేసినారు. డిసెంబరులో రోగులు మరల పెరిగిరి. మాస్కులు తిరిగి కావలెనని ఆరోగ్యాధికారి హాస్లర్ కోరగా, క్రిస్మస్ బేరములు చెడునని వర్తకులు, వారితో మరికొందరు, అడ్డుపడిరి, నగరసభ తలయొగ్గినది. 1919 జనవరి 17న శాసనము మరల వచ్చినది. వెంటనే మాస్కుల వ్యతిరేక సంఘమొకటి లేచినది. ఫిబ్రవరి 1న శాసనము పోయినది!

ఈ ఒత్తిడిని రచయిత చక్కగా చూపినారు. అయితే పాఠకుడు రెండు ప్రశ్నలను కలిపివేయరాదు. నిర్బంధ మాస్కులు ఆశించిన ఫలము నీయలేదని కాలిఫోర్నియా ఆరోగ్యమండలికి చెందిన కెల్లాగ్ 1920లో ప్రకటించినాడు: గుడ్డ దట్టమైనచో ఊపిరి కష్టము, గాలి అంచులనుండి దూరును. అంతమాత్రమున నగరసభ శాస్త్రమును పాటించినదనరాదు. డిసెంబరులో సభ్యులు విన్నది ఈ పరీక్షను కాదు, దుకాణదారుల మొరను.