‘సార్వత్రిక’ చార్జరు: ఒక పరిశీలన

1994లో అమెరికాకు చెందిన పవర్ ఇంటిగ్రేషన్స్ సంస్థ ‘టాప్‌స్విచ్’ అను చిప్పును వెలువరించినది. విద్యుత్తును సెకనుకు లక్షసార్లు తెంచి కలిపే స్విచ్చి, దానిని నడిపే నియంత్రకము రెండును ఒకే సిలికాను పలకపై ఇమిడినవి. ఇట్టి చిప్పుల వలన చార్జరులోని భాగాలు తగ్గినవి. ఆ మేరకు ప్రశంస న్యాయమే.

అయితే వీటి వివరణ పత్రాలు 85–265 వోల్టుల పరిధిని ‘సార్వత్రికము’ అనుట పరీక్షింపదగినది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో ఇంటికి రావలసినది 230 వోల్టులే. కాని గాలివానకు న్యూట్రల్ తీగ తెగినచో కొన్ని ఇళ్లలో అది 415 దరిదాపులకు పోవచ్చును. దాని శిఖరవిలువ 587 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరు నుండి తిరిగివచ్చు సుమారు 100 వోల్టులు దీనికి తోడైనచో, 700 వోల్టులకే నిర్మించిన స్విచ్చి దాదాపు తన హద్దును చేరును. 400 వోల్టుల కెపాసిటరు అంతకు ముందే చెడును.

ఈ దోషము చిప్పుదని అనలేము. దానిచుట్టూ ఫ్యూజు, వేరిస్టరు అమర్చక ఖర్చు మిగుల్చుకొను తయారీది. 900 వోల్టుల స్విచ్చి గల చిప్పులు కూడ నేడు లభించుచున్నవి. మన ఊళ్ల సరఫరాను తట్టుకొన్నప్పుడే ‘సార్వత్రికము’ అను మాట చెల్లును.