తారతమ్యబోధ: తెలుఁగు, ఉర్దూ, ఆంగ్లము

తారతమ్యమను మాటయే తర, తమ ప్రత్యయములనుండి పుట్టినది. అందుచేతఁ గాఁబోలును, ఆంగ్లమునందలి "ఎర్", "ఎస్ట్" ప్రత్యయములను బోధించు పండితులు వానికి సాటిగాఁ దరతమములనే చూపుచుందురు. అర్థమునుబట్టి యిది తప్పు కాదు. పుట్టుకనుబట్టి మాత్రము సరికాదు. "ఎస్ట్" అనునది సంస్కృతమునందలి ఇష్ఠప్రత్యయమునకును, "ఎర్" అనునది ఈయస్ ప్రత్యయమునకును దాయాదులు. జ్యేష్ఠ, కనిష్ఠ, శ్రేష్ఠ శబ్దములు తెలుఁగు బాలురు వినని వేమియుఁ గావు. "బెస్ట్" అను మాట తుదిని శ్రేష్ఠశబ్దము తుదితోఁ బోల్చి చూపిన వారికిఁ దేలికగా బోధపడును. తరప్రత్యయమునకు నిజమైన చుట్టము పారసీకమునందలి "బెహతర్"లోని "తర్".

ఈ "బెహతర్" నల్లగొండ, మహబూబునగర మండలములవారికిఁ గ్రొత్తది కాదు. 1948 వఱకు నిజాము పాలనలో నచటఁ బైతరగతుల బోధ ఉర్దూలో సాగెను. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఆ భాషనే బోధనభాషగాఁ గైకొనెను. ఇంటఁ దెలుఁగు, బడిలో ఉర్దూ, దాని ద్వారమున ఆంగ్లము. అట్టి విద్యార్థికిఁ గష్ట మధికమని తలఁతురు గాని, యీ విషయమున నతని కొక లాభము గలదు. "వానికంటెఁ బొడుగు" అనునపుడు తెలుఁగున విశేషణము మాఱదు. పోలికకుఁ దెచ్చిన నామమే "కంటె"ను దాల్చును. చిన్నయసూరి దీనిని బంచమిలోఁ జేర్చినాఁడు. పాణినియు నిట్టిచోటఁ బంచమినే విధించెను. ఉర్దూలో "సే" చేయు పనియు నిదియే; "సబ్ సే" యన్న నందఱికంటె ననుటయే. ఆంగ్లమున నామమునకు ముందు "దాన్" నిలుచుటయే కాక విశేషణముకూడ రూపము మార్చుకొనును. అసలు భేద మింతమాత్రమే.

దీనిని విడిచి "మోర్" అనఁగా "ఎక్కువ" యని వల్లెవేయించుటచేతనే చిక్కు కలుగుచున్నది. ఎక్కువ పొడుగని తలంచిన బాలుఁడు "మోర్ టాలర్" అని వ్రాయును. షేక్స్పియరు నాటకములలో నిట్టి ద్విరుక్తులు గలవు. ఆ మర్యాద పరీక్షలో బాలునికి దక్కదు.

క్రియావిశేషణములలో "లీ"ని "గా"తో ముడిపెట్టుటయుఁ గొంతవఱకే చెల్లును. "ఇల్లు పెద్దదిగా నున్నది" అనుచోట "గా" యున్నను ఆంగ్లమున "లీ" రాదు. "ఫ్రెండ్లీ" యనుచోట "లీ" యున్నను అది విశేషణమే. "ఫాస్ట్" అను క్రియావిశేషణమునకుఁ బ్రత్యయమే లేదు. పాలమూరు బాలుఁడు "జల్ది రా" యని తమ్ముని బిలుచునపుడు "గా" చేర్చుచున్నాఁడా? ఆ పలుకుబడిని గ్రామ్యమని త్రోసివేయక యెదుట నుంచినచో నతఁడు "ఫాస్ట్లీ" యని వ్రాయఁడు.