గాయక తారతమ్య విచారము

కవులలో నెవరు అధికులు, గాయకులలో నెవరు అధికులు అను ప్రశ్న విద్వద్గోష్ఠులయందు మాత్రమే పుట్టునది కాదు. పని ముగించి యిండ్లకు మరలు జనులు చాయ్ హోటలు ముందు నిలిచి చేయు వాదములందును అది పుట్టును. ఒక్కొక్కప్పుడు దానికి తగిన సమాధానము అచ్చటనే లభించును. గోదావరిఖనిలో మేము వినిన యట్టి వాదమొకటి ఈ వ్యాసమునకు మూలము.

మొదటి షిఫ్టు ముగించి వచ్చిన బొగ్గుగని కార్మికులు కొందఱు, ఉద్యోగవిరమణ చేసిన వృద్ధులిద్దఱు, కళాశాలలో చదువు యువకుడొకడు ఆ వాదమున పాల్గొనిరి. యువకుడు బాలసుబ్రహ్మణ్యమునకు అగ్రస్థానమిచ్చెను. వృద్ధులలో నొకడు ఘంటసాల తరువాతనే ఎవరైనను అనెను. కార్మికులలో నొకడు గద్దరు పేరెత్తెను. మాట ముదురుచుండగా, అంతవఱకు ఊరకున్న రెండవ వృద్ధుడు మా వైపు తిరిగి, "ఘంటసాల పాట ఇంటం సారూ, గద్దర్ పాట అందుకుంటం" అనెను. వాదము అంతటితో చల్లారెను. మా విచారము అచ్చట మొదలయ్యెను.

ఆ వృద్ధుడు వాడిన క్రియలు రెండు: వినుట, అందుకొనుట. ఈ రెండింటి నడుమ గల భేదమును గుర్తింపక గాయకుల నందఱను ఒకే పట్టికలో వరుసపెట్టుటయే తారతమ్య విమర్శలోని మూలదోషమని మేము తలచుచున్నాము. తారతమ్యమే కూడదని మా వాదము కాదు. హెచ్చుతగ్గులు చెప్పుటకు వెనుదీయు విమర్శ పొగడ్తల మూటయగును. అయినను దేనిని దేనితో తూచవలెనో ముందు తెలియవలెను.

ఈ చిక్కు మనకే పరిమితమైనది కాదు. రాక్ సంగీతమును ప్రధానముగ చర్చించు అమెరికా పత్రిక 'రోలింగ్ స్టోన్' 2008లో నూర్గురు మహాగాయకుల పట్టికను, 2023లో ఇన్నూర్గురి పట్టికను ప్రకటించెను. రెండింటను ప్రథమస్థానము అరీతా ఫ్రాంక్లినునకే దక్కెను. రాక్ గాయకులలో రాగమాధుర్యమునకు పేరుగన్న ఫ్రెడ్డీ మెర్క్యురీ మొదటి పట్టికలో 18వ వాడు, రెండవ దానిలో 14వ వాడు. ఆతడు 1991లోనే గతించెను గావున ఈ నడుమ ఆతని గొంతు మాఱినది లేదు, మాఱినది తూనికరాయి. రెండవ పట్టికలో లతా మంగేష్కరునకును, నుస్రత్ ఫతే అలీ ఖానునకును చోటు దొరకెను. ఘంటసాలకు గాని, బాలసుబ్రహ్మణ్యమునకు గాని దొరకలేదు. ఇందులకు మనము చిన్నబుచ్చుకొన బనిలేదు. పలువురి యభిరుచుల కూడికయైన పట్టికలో చోటు దక్కుట గొప్పయును కాదు, దక్కకుండుట కొఱతయును కాదు.

మన సాహిత్యవిమర్శకు తారతమ్య విచారము క్రొత్త కాదు. నన్నయ గొప్పయా, తిక్కన గొప్పయా యని తరములుగా వాదించుచు వచ్చితిమి. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన 'కవిత్వతత్త్వ విచారము' పింగళి సూరన కల్పనాశక్తిని ఎత్తిచూపి, ప్రబంధకవుల వరుసను గూర్చి పండితులను మరల ఆలోచింపజేసెను. ఇన్ని వాదముల వలన తుదకు తేలినదేమి? నన్నయను అక్షరరమ్యత చేతను, తిక్కనను రసాభ్యుచిత బంధము చేతను, సూరనను కథాకల్పన చేతను తూచవలెనని తేలినది. కవి యేది సాధింప బూనెనో దానినిబట్టి యాతని స్థానమును నిర్ణయించు వివేకము మనకు ఆ విధముగ అలవడెను. గాయకుల విషయమున అది యింకను అలవడలేదు.

పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవరాజగు సింఘణుని యాశ్రయమున శార్ఙ్గదేవుడు రచించిన 'సంగీతరత్నాకరము' ఇందులకు దారి చూపుచున్నది. ప్రకీర్ణకాధ్యాయమున ఆతడు గాయకులను ఉత్తమ, మధ్యమ, అధములని విభజించెను. అంతటితో నిలువక శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావుకుడు అని స్వభావమునుబట్టి యైదు విధములు చెప్పెను. మఱియు ఒంటరిగ పాడు ఏకలుడు, తోడుతో పాడు యమలుడు, సమూహముతో పాడు వృందగాయకుడు అని మూడు విధములు చెప్పెను. తరగతి యొకటి, స్వభావమొకటి, పాడు పద్ధతి యొకటి. నేటి పట్టికలు మొదటిదానిని మాత్రము పట్టుకొని తక్కిన రెండింటిని విడిచినవి. గోదావరిఖని వృద్ధుడు శార్ఙ్గదేవుని చదివినవాడు కాడు. అయినను ఆతడు చెప్పినది ఏకల వృందగాయకుల భేదమే.

ముందుగ ఏకలగాయకులను విచారింతము. ఇచ్చట శ్రోత మౌనముగ నుండును. అక్షరమును, స్వరమును, భావమును ఒక్క గొంతే మోయవలెను. తెలుగు పాట విషయమున మేము గ్రహించు ప్రథమప్రమాణము మాట: రాగము చెడకుండ మాట తెలియుట, మాట చెడకుండ రాగము నిలుచుట. ఈ ప్రమాణమున ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) అగ్రగణ్యుడు. విజయనగర సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి కడ అభ్యసించిన శాస్త్రమునంతయు ఆతడు పద్యమునకు సేవకురాలిని చేసెను. రంగస్థల నటులు పద్యము నడుమను చివరను దీర్ఘాలాపన చేయుట, అందులకై పదమును విఱుచుట పరిపాటిగ నుండెను. ఘంటసాల ఆలాపనను కుదించి, అర్థము ఎచ్చట విడునో అచ్చటనే ఊపిరి తీసికొనెను. జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపమును ఆతని గొంతున వినిన నిరక్షరుడును అన్వయమునకై తడుముకొనడు. గీతమునకు అతిశయమును చేకూర్చువాడు భావుకుడని శార్ఙ్గదేవుడు చెప్పెను. ఘంటసాల అట్టి భావుకుడు.

రెండవ స్థానమును పి. సుశీలకు ఇచ్చెదము. 1935లో విజయనగరమున జన్మించిన యీమె, ఉత్తమ నేపథ్యగాయనికి జాతీయ పురస్కారము ఏర్పడినప్పుడు దానిని మొట్టమొదట గ్రహించినది. పై స్థాయిలో సైతము ఒత్తక్షరమును నలుపక పలుకుట ఈమె ప్రత్యేకత. ఈమె శార్ఙ్గదేవుని రంజక.

మూడవ స్థానము ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యమునది (1946–2020). 1966లో చిత్రరంగమున ప్రవేశించి, నాలుగు భాషలలో ఆఱు జాతీయ పురస్కారములను గ్రహించిన గాయకుని మూడవ వానిగ నిలుపుట సాహసమే. శాస్త్రీయ సంగీతమున నియతమైన శిక్షణ లేకయే 1980లో విడుదలయైన 'శంకరాభరణము' పాటలను నిర్వహించుట సామాన్యమైన ప్రజ్ఞ కాదు. తెరపై నటుడు మాఱినకొలది ఆతని గొంతును, పలుకుబడిని తన గొంతున ధరించుటలో ఆతనికి సాటి లేరు. ఈ గుణముచే ఆతడు అనుకారులలో ఉత్తముడు. 1996లో 'పాడుతా తీయగా' కార్యక్రమము నారంభించి పిన్నగాయకుల తప్పులు దిద్దిన శిక్షాకారుడును ఆతడే. అయిన నటునికై మాట యొక్కొక్కచో విలాసముగ సాగును, నవ్వుగ మాఱును, నిట్టూర్పుగ సడలును. మాటయే ప్రమాణమైనప్పుడు ఆతడు మూడవవాడు. భావవైవిధ్యమే ప్రమాణమైనచో వరుస తలక్రిందులై ఆతడే మొదటివాడగును. హోటలు ముందటి యువకుడు పొరపడలేదు. తన ప్రమాణమును చెప్పలేదు, అంతియే.

యమలగానమునకు ఒక్క యుదాహరణము చాలును. 1963లో ఘంటసాల సంగీతమున వెలువడిన 'లవకుశ'లో కుశలవుల పాటలను పి. లీల, సుశీల కలిసి పాడిరి. రెండు గొంతుల వన్నె వేఱు. అయినను ఊపిరి యొకటి, విరామమొకటి. వీరిలో నెవరధికులని యడుగుట ఆ పాటలకు అన్యాయము. అచ్చట గొప్పది కూడిక.

ఇక వృందగానము. బొగ్గుగనుల సీమ సంగతి ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఎల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ సంస్థ యేర్పడి, 1945లో నిజాం ప్రభుత్వాధీనమయ్యెను. గోదావరి యొడ్డున రామగుండము క్షేత్రము అటు తరువాతిది. కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు పల్లెల నుండియు, కోస్తా జిల్లాల నుండియు, ఉత్తరదేశము నుండియు వచ్చినవారితో గోదావరిఖని ఏర్పడెను. ఒకే యూరివారికి తాతలనాటి పాట యొకటి ఉండును. పలుచోట్ల నుండి వచ్చి ఒకే గనిలో దిగువారికి అట్టి యుమ్మడి పాట లేదు. కావున ఒక్కసారి వినగనే అందఱకు అందు పల్లవి వారికి కావలసి వచ్చెను. కార్మిక సభలలో వృందగానము వేళ్లూనుటకు ఇది ముఖ్యకారణమని మా యభిప్రాయము.

వృందమునకు శార్ఙ్గదేవుడు ఆఱు గుణములు చెప్పెను: నాయకుని ననుసరించుట, గొంతులు కలియుట, తాళములో లీనమై నడచుట, ఒకరి గొంతు తెగినచోట మఱియొకరు నిర్వహించుట, మూడు స్థాయిలను వ్యాపింపగలుగుట, ధ్వనులు ఒకదానిని ఒకటి పోలియుండుట. గద్దరును (1949–2023) ఈ గుణములచే తూచిచూతము. ఆయన రాజకీయాభిప్రాయముల విచారణ ఈ వ్యాసమునకు వెలి.

తూప్రానున జన్మించి, బుఱ్ఱకథ చెప్పి పాటకు వచ్చిన ఆయనకు వంత యొక్క విలువ తెలియును. గొంగడి, గజ్జెలు, చేతికఱ్ఱలతో రంగమున కదలుచు పాదమును ఎత్తుకొని, నడుమ మాటలోనికి దిగి, మరల పాదము నందుకొని, చివర తాను విడిచిపెట్టును. విడిచినచోట జనము పట్టుకొనును. మొదటి నాలుగు గుణములు ఇచ్చట సంపూర్ణములు. అయిదవది లేదు, ఆయన పల్లవులు జానపద బాణీలవలె కొలది స్వరముల నడుమనే తిరుగును. ఇది అశక్తి కాదు. పల్లవి తారస్థాయికెక్కిన పాడుట రాని వాని గొంతునకు అది యందదు. ఆఱవదియు లేదు, సభకు వచ్చిన వేల గొంతులు ఒకదానిని ఒకటి పోలవు. రెండు గుణములను విడిచి నాలుగింటిని నిండించుకొన్న ఈ పద్ధతికి తెలుగున ఆయనయే ప్రథముడు. కథకునికి ఇరువురు వంతలుగల బుఱ్ఱకథలో ఇట్టి సిద్ధిని పొందిన షేక్ నాజరు (1920–1997) ఆయనకు ముందటివాడు, యమల వృందముల నడుమ నిలిచినవాడు.

నాలుగవ గుణము బొగ్గుసీమలో క్రొత్త యర్థమును పొందును. దుమ్ములో బ్రదుకు గడపినవానికి దీర్ఘపాదము పాడుట యెట్లుండునో ఆ వృద్ధుడు దగ్గుచు చెప్పిన మాటలలోనే తెలిసినది. ఆతని ఊపిరి ఆగినచోట ప్రక్కవాడు పాదమును మోయును. ఏకలగానమున తెగిన ఊపిరి దోషము. వృందగానమున అది యింకొకనికి చోటు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రావచ్చును. సినిమాగాయకులు ఏకలులు, జానపదులు వృందగాయకులు అని కళారూపమును బట్టి విభజించినచో సరిపోదా యని మొదటిది. సరిపోదు. 'వల్లంకి తాళము'నకు 2021 సాహిత్య అకాడెమీ పురస్కారమును పొందిన గోరటి వెంకన్న జానపద బాణీలలోనే పాడును. అయినను ఆయన పాటలోని చిత్రముల వెంబడి చిత్రములు శ్రోతను నోరు మెదపనీయవు. ఆయన ప్రధానముగ ఏకలుడు. ఇక పైన పేర్కొన్న ఫ్రెడ్డీ మెర్క్యురీ 1985 జూలై 13న లండనులోని వెంబ్లీ క్రీడాస్థలమున స్వరములను విసరగా వేలకొలది జనము వానిని తిరిగి యిచ్చెను. ఆ కొన్ని నిమిషములు ఆతడు వృందగాయకుడు.

గద్దరు పాటలును ధ్వనిముద్రితములై యున్నవి గదా, వానినిబట్టి ఘంటసాలతో నేల పోల్చరాదని రెండవ యాక్షేపణ. 1980లో వెలువడిన 'మాభూమి'లో బండి యాదగిరి రచనను పాడుచు ఆయన తెరపై కనిపించినమాట నిజము. అయిన ముద్రణము నాయకుని గొంతును పట్టి, జనము పట్టుకొనవలసిన చోటును ఖాళీగ నుంచును, లేదా నలుగురైదుగురు వంతలతో నింపును. ఆ ఖాళీని విని గాయకునికి మార్కులు వేయుట, వంతపాట లేని బుఱ్ఱకథను విని కథకుని తూచుట వంటిది.

ఈ విచారము కేవలము లక్షణచర్చ కాదని చెప్పి ముగింతుము. ఏకలగాయకుల కృషి రికార్డులలో నిలిచినది. వారిని గూర్చి రేపటి పరిశోధకుడును వ్రాయగలడు. వృందగానమునకు ఆ భరోసా లేదు. 1990 ప్రాంతమున లక్షకు పైబడియుండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40,000 పరిసరములకు దిగినది. భూగర్భగనులు తగ్గి ఉపరితల గనులు పెరుగుటచే షిఫ్టు మాఱువేళ గనిముందు గుమిగూడు జనమును పలుచనైనది. లింగాపురపు గూడ అంజయ్య (1955–2016) వంటివారు కట్టిన పాటలు గ్రంథములలో దొరకవచ్చును. వానిని జనము ఎచ్చట అందుకొనెడిదో, ఏ మాట దగ్గఱ ఊపిరి మార్చుకొనెడిదో గ్రంథములలో దొరకదు. అది ఆ హోటలు ముందటి వృద్ధుల గొంతులలో నున్నది.

కావున పరిశోధక విద్యార్థులకు మా సూచన ఇది. ఆ సీమకు పోయినప్పుడు ఒక్కనినే కూర్చుండబెట్టి పాడించి ముద్రించుకొని రావలదు. నలుగురైనను చేరిన చోట పాడించి, ఎత్తుకొన్నవాడెవడో, అందుకొన్నవారెవరో, పాదము ఎచ్చట చేతులు మాఱెనో వ్రాసికొనవలెను. అట్టి సామగ్రి చేకూరిననాడు వృందగాయకుల తారతమ్యమును ఇంతకంటె నిశితముగ నిర్ణయింపవచ్చును. మేము వేసిన వరుసను మార్చవలసివచ్చిన మార్చవచ్చును.