పేరు తప్పు పడ్డ పుస్తకం

ఈ వారం మా చిలుకూరులో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి, విజ్ఞాన చంద్రికా మండలి వేసిన పాత పుస్తకం కోసం ఫోన్లో వెతికి వెతికి విసిగిపోయి వచ్చింది. "లేదు తాతా" అంది. "ఉంటది బిడ్డా, ఏడకి పోద్ది" అన్నాను. నిజంగానే ఉంది. ఒక డిజిటల్ గ్రంథాలయంలో, ఇంగ్లీషు అక్షరాల్లో, నోరు తిరగని స్పెల్లింగుతో, రచయిత పేరు దగ్గర ఖాళీతో ఉంది. ఒళ్లు మండింది. లోపలి పేజీలో రచయిత పేరు నిక్షేపంగా అచ్చయి ఉంటే ఎక్కించినవారికి కనబడలేదా?

ఆ మండలి మాకు పరాయిది కాదు. 1906లో దాన్ని నిలబెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు మా పక్క మునగాల సంస్థానానికి దివాను. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ బ్రిటిషు వారి కృష్ణా జిల్లాకు చెందిన మునగాల. అక్కడి రాజా నాయని వెంకట రంగారావు గారు, లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు కలిసి 1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెరిచారు. కచేరీలో ఉర్దూ నడిచే రాజ్యంలో తెలుగు పుస్తకానికి నీడ దొరికింది. తర్వాత మండలి పెట్టి, మొట్టమొదట గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి చేత అబ్రహాం లింకన్ చరిత్ర రాయించి అచ్చు వేశారు. ఇంగ్లీషు రాని తెలుగువాడికి కూడా చరిత్ర, శాస్త్రం అందాలన్నదే వారి తపన.

పుస్తకాల బీరువాకు తాళం వేసే గ్రంథాలయాలంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. ఆ మంటే ఈసారి నా కోపాన్ని చల్లార్చింది. పది లక్షల పుస్తకాలు స్కాన్ చెయ్యాలని కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు తలపెట్టిన పనిలోంచి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. ఆ సైటు తర్వాత మూతపడింది. అయినా, ఔత్సాహికులు నకళ్లను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చబట్టి ఎన్నో పుస్తకాలు మనకు మిగిలాయి. ప్రతి పేరూ సరిచూశాకే బయటపెడదామని కూర్చుంటే నకలు తీయడానికి ఏముండేది? తప్పులతోనైనా తెరిచేయడమే మంచిదైంది.

ఇక దిద్దే పని మనది. స్కాన్ చేసిన పేజీ ఉత్త బొమ్మ, అందులో మాట వెతికితే దొరకదు. ఎవరైనా దిద్దగల ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో కొందరు పేజీ పేజీ దిద్ది అక్షరాల్లోకి తెస్తున్నారు. రచయిత పోయిన 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ కాలేజీల తెలుగు మేష్టార్లకు నా మనవి: ఒక్కో విద్యార్థికి ఒక్కో పాత పుస్తకం అప్పగించండి. పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం తెలుగులో రాయించి, ప్రాజెక్టు మార్కులు వేయండి. లక్ష్మణరావు గారు పోయింది 1923లో. ఆయన పుస్తకాలతోనే మొదలుపెట్టొచ్చు.