తాబేలు గుడ్ల కాపరులు

సముద్రపు తాబేలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టి కడలిలో దారి తెలుసుకుంటుంది. మన జీపీఎస్ నిన్నగాక మొన్నటిది. ఏటా జనవరి దాటాక ఆలివ్ రిడ్లే తాబేళ్లు కృష్ణమ్మ సాగరంలో కలిసే హంసలదీవి, పాలకాయతిప్ప ఇసుకలో గుడ్లు పెడతాయి.

నా మెప్పు మాత్రం ఆ గుడ్లు ఏరే కాపలాదార్లకు. కుక్కలూ నక్కలూ తవ్వకముందే చీకట్లో జాడ పట్టాలి. గూటికి 100 దాకా ఉంటాయి, తెల్లగా పింగ్‌పాంగ్ బంతుల్లా. ఉన్నవాటిని ఉన్నట్టే ఎత్తాలి. తలకిందులైతే లోపలి పిండం చనిపోవచ్చు. వాటిని పొదిగించే హేచరీకి తెచ్చి, అక్కడ మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా, అచ్చం తల్లి తవ్వినట్టే గొయ్యి తీసి పూడుస్తారు. 50 రోజులకు అటూఇటూగా పిల్లలొస్తాయి. వాటిని ఇసుక మీద తమంతట తామే నడవనిస్తారు. ఎంత ఓర్పున్న పని!

పిల్లలు వెలుగు వైపు పోతాయి. రాత్రిపూట ఆ తీరానికి వెళ్తే టార్చీలు, సెల్‌ఫోన్ లైట్లు ఆర్పేయండి.