చెవియే కొలమానమా? సంస్థాన సాహిత్య సంప్రదాయం – బధిరుల విజయాల గుర్తింపు

ఉపోద్ఘాతం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల సాహిత్య చరిత్రను సంస్థానాల నుండి విడదీసి చూడలేము. పండిత పోషణవల్ల ‘విద్వద్గద్వాల’గా పేరొందిన గద్వాల, దాని ఇరుగుపొరుగున ఉన్న వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం రాజధానిగా వెలసిన జటప్రోలు కవిని సభలో విని గౌరవించాయి. వినడమే గుర్తింపునకు ద్వారమైన ఈ సంప్రదాయంలో వినికిడి లేనివారి ప్రతిభకు చోటెక్కడ? ‘చోటు లేదు’ అన్నది తొందరపాటు సమాధానం. అందుకు తగిన ప్రమాణం ఆ సంప్రదాయంలోనే ఉందని, దానిని మనం వినియోగించుకోలేదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలలో దాగిన కొలమానం

పండితుని ‘బహుశ్రుతుడు’ అంటాము. అనగా ఎక్కువగా విన్నవాడు. కీర్తిమంతుని ‘విశ్రుతుడు’ అంటాము; అనగా నలుగురి చెవిన పడినవాడు. పాండిత్యాన్నీ కీర్తినీ చెప్పే ఈ రెండు మాటలూ ‘శ్రు’ ధాతువు నుండే పుట్టాయి. వ్యుత్పత్తి నేటి వాడుకను శాసించదన్న మాట నిజమే. కాని లోకోక్తులు ఆ కొలమానాన్ని సజీవంగా నిలుపుతున్నాయి. ‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’ అన్న సామెతలో ప్రయత్నం వ్యర్థమైనందుకు నింద వినలేనివానిపై పడుతుంది. కంటికి కనిపించే మార్గమొకటి వెతకని శంఖధారిని ఎవరూ ప్రశ్నించరు. 2018లో వచ్చిన సుకుమార్ చిత్రం ‘రంగస్థలం’లో వినికిడి తక్కువైన చిట్టిబాబును ‘సౌండ్ ఇంజనీర్’ అని పిలవడంలోని హాస్యమూ ఈ కోవలోనిదే. అయితే ఆ చిత్రం అతనిని కథకు కేంద్రంగా నిలిపింది. ఆ మేరకు అది సామెతకంటె ఒక అడుగు ముందున్నది.

అవధానం ఇచ్చే సాక్ష్యం

తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి తమ విద్యను ప్రదర్శించారు. అవధానం శ్రవణప్రధానమైన ప్రక్రియ. పృచ్ఛకుని మాట వినాలి, ధారణలో నిలుపుకోవాలి, పద్యం వినిపించాలి. ఘంటాగణనంలో మధ్యమధ్య మోగే గంటలనూ లెక్కించాలి. కాని అదే విద్యలో పుష్పగణనం ఉంది. అక్కడ వీపుపై పడే పూలను స్పర్శతో లెక్కిస్తారు. నేత్రావధానంలో ఒకరు కనుసన్నలతో అక్షరాలను సూచిస్తే మరొకరు వాటిని గ్రహించి వ్రాస్తారు. నోరు మెదపకుండా, చెవితో పనిలేకుండా అర్థం ఒకరి నుండి మరొకరికి చేరడాన్ని మన పెద్దలు విద్యగా, సభాగౌరవానికి అర్హమైన సాధనగా ఆదరించారు. వినగలవారు చేసినప్పుడు అవధానమైనది బధిరులు నిత్యజీవితంలో చేసినప్పుడు ‘మూగసైగ’ ఎందుకయింది?

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. నేత్రావధానం తెలుగు అక్షరాలకు కట్టిన సంకేతవ్యవస్థ. సంజ్ఞాభాషకు స్వంత వ్యాకరణం ఉంది. 1960లో విలియం స్టోకీ అమెరికన్ సంజ్ఞాభాషను విశ్లేషించి, మాటలో ధ్వనుల వలెనే అందులో చేతి ఆకృతి, స్థానం, కదలిక పనిచేస్తాయని చూపాడు. అందువల్ల ఈ రెండూ ఒకటేనని చెప్పడం కుదరదు. సంకేతానికి దక్కిన గౌరవం భాషకు దక్కకపోవడంలోని అసంగతిని చూపడానికే ఈ పోలిక.

విజయాన్ని ఏ కొలతతో చెప్పాలి?

గద్వాల జిల్లాలోని అలంపురానికి చేరువలో, తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్నది కర్నూలు. ఆ పట్టణానికి చెందిన షేక్ జాఫ్రీన్ 2022 మే నెలలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్‌లింపిక్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం సాధించారు. అదే పోటీలలో హైదరాబాదుకు చెందిన ధనుష్ శ్రీకాంత్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచారు. 1924లో పారిస్‌లో మొదలైన ఈ క్రీడోత్సవంలో బరిలోకి దిగినవారు వినికిడి యంత్రాలు ధరించరాదు; పరుగుపందెం వెలుగు సంకేతంతో ఆరంభమవుతుంది. చెవి అక్కడ కొలమానం కాదు. అయినా ఇటువంటి విజయాలను ‘లోపాన్ని జయించి’ అన్న పదబంధంతో చెప్పడం మనకు అలవాటు. జాఫ్రీన్ జయించింది ప్రత్యర్థులను. ప్రశంసలోనూ చెవియే ప్రమాణమైతే సామెతకూ సన్మానపత్రానికీ భేదం స్వరంలోనే గాని దృష్టిలో లేదు.

అవరోధాలను ప్రస్తావించరాదని దీని అర్థం కాదు. అర్థం చెప్పే దుబాసీ లేని తరగతి, చేతులతో మాట్లాడితే వారించే పెద్దలు, మాటతోనే సాగే మౌఖిక పరీక్ష నిజమైన అవరోధాలు. వాటిని వ్యక్తి శరీరంలో కాక వ్యవస్థలో చూపినప్పుడే విమర్శ న్యాయమవుతుంది.

ఉపసంహారం

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సంజ్ఞలను భావప్రసార సాధనాలలో చేర్చింది. సాహిత్య పరిశోధన పద్ధతులు కూడా ఆ మేరకు మారాలి. ఈ మూడు జిల్లాలలో జానపద సామగ్రిని సేకరించేవారు ధ్వనిముద్రణతోనే ఆగితే, ఒక బధిరుడు చేతులతో చెప్పే కథ మన సంపుటాలలోకి రాదు. అతని సమ్మతితో దృశ్యముద్రణ చేయడం, కథకునిగా అతని పేరునే నమోదు చేయడం, మధ్యవర్తి చెప్పిన తెలుగును అనువాదంగా విడిగా చూపడం పరిశోధకులు వెంటనే అనుసరించదగిన పద్ధతులు. కనుసన్నలను విద్యగా గౌరవించిన సంప్రదాయానికి వారసులుగా మనం చేయవలసింది ఆ పాత ప్రమాణాన్ని అందరికీ సమానంగా వర్తింపజేయడమే.