కెర్నెల్ దోషశోధన సూచనలు: ఒక విమర్శ

మా వల్లూరు ప్రాంతమున బోరుబావి మోటారుకు ఒక స్టార్టరు పెట్టె యుండును. మోటారుపై భారము మించినప్పుడు అందలి రిలే ట్రిప్పయి మోటారు ఆగిపోవును. పైరు ఎండుచున్నదను తొందరలో కొందరు ఆ మీటకు పుల్ల అడ్డుపెట్టి మోటారును బలవంతముగా నడిపింతురు. ఆగుట దోషము కాదు. అది దోషమును తెలుపు గుర్తు. గుర్తును అణచినచో తుదకు వైండింగే కాలిపోవును.

కంప్యూటరులందును ఇట్టి గుర్తులు కలవు. వానిని ఉంచుకొనవలెనా, మానవలెనా యని అడుగు ప్రశ్నలు, వాని క్రింద వ్రాసిన సూచనలు ఈ వ్యాసమున విమర్శకు తీసికొన్న విషయము.

రౌటరు, కెమెరా, టెలివిజను పెట్టె మొదలగు పరికరములలో ఒదిగి, నియమితమైన పనిని చేయు ప్రాసెసరును ఎంబెడెడ్ ప్రాసెసరు అందురు. ఇట్టి పరికరములలో పెక్కింటియందు నడచునది లినక్స్ కెర్నెల్. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దీనిని ప్రారంభించెను. జ్ఞాపకశక్తిని పంచిపెట్టుట, ఏ పనికి ఎప్పుడు ప్రాసెసరును అప్పగించవలెనో నిర్ణయించుట, పరికరములతో మాటలాడుట కెర్నెల్ బాధ్యతలు. దానిని ఒక ప్రాసెసరుకు తగినట్లు తయారుచేయుటకు ముందు వేలకొలది ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియుండును. 2002 నుండి ఈ ప్రశ్నలు ‘కేకాన్ఫిగ్’ అను భాషలో వ్రాయబడుచున్నవి. ఒక్కొక్క ప్రశ్నకు ఒక చిన్న సూచన జతగా నుండును. దోషశోధనకు, అనగా డీబగ్గింగుకు, సంబంధించినవి ‘కెర్నెల్ హ్యాకింగ్’ అను విభాగమున కలవు. ఆర్మ్ వంటి ప్రాసెసరు జాతులకు ప్రత్యేకమైనవి వేరు ఫైలులో నుండును. ఈ సూచనలను ఒక పాఠ్యపుస్తకమును పరిశీలించినట్లే పరిశీలింతము. ఏలయన, నేర్చుకొనువానికి మొదట ఎదురగు గురువు ఇదియే.

మొదట గుణములు. 2006లో కెర్నెల్‌లో చేరిన తాళముల పరీక్షకు వ్రాసిన సూచన మెచ్చదగినది. ఒకే సామగ్రిని ఇద్దరు ఒకేసారి తాకకుండ కెర్నెల్ తాళములు వేయును. బావివద్ద ఒకడు బొక్కెన పట్టుకొని చేంతాటికై, మరొకడు చేంతాడు పట్టుకొని బొక్కెనకై వేచియున్నచో ఇద్దరికిని నీరు దొరకదు. తాళములతోను ఇట్టి ప్రతిష్టంభన కలుగవచ్చును. ఈ పరీక్ష తాళములు వేయు క్రమమును గమనించి, చిక్కు ఇంకను జరుగకమునుపే అది జరుగుటకు వీలున్నదని హెచ్చరించును. సూచన ఈ సంగతిని, దాని తర్కమును దాచక విపులముగా చెప్పినది.

2015లో చేరిన ‘కాసన్’ అను జ్ఞాపకశక్తి పరీక్ష సూచనయు అట్టిదే. విడిచిపెట్టిన జ్ఞాపకశక్తిని మరల తాకుట, హద్దు దాటి చదువుట వంటి తప్పులను ఇది పట్టును. దీని సాధారణ రూపము జ్ఞాపకశక్తిలో సుమారు ఎనిమిదవ వంతును కాజేయుననియు, వేగము సుమారు మూడు రెట్లు తగ్గుననియు సూచనయే చెప్పుచున్నది. 512 మెగాబైట్లు గల చిన్న బోర్డుపై 64 మెగాబైట్లు దీనికే పోవునని విద్యార్థి అప్పటికప్పుడే లెక్క వేసికొనగలడు. ధర తెలిసినవాడే బేరము చేయగలడు.

ఇక దోషములు. ఈ విభాగమున ‘కెర్నెల్ డీబగ్గింగ్’ అను ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. డ్రైవర్లు వ్రాయువారు, కెర్నెల్ చిక్కులను వెదకువారు దీనికి అవుననవలెనని దాని సూచన చెప్పి ఊరకుండును. నిజమునకు ఈ ప్రశ్న ప్రధానముగా ఒక తలుపు మాత్రమే. దీనిని తెరచిన పిమ్మట లోపలి ప్రశ్నలు కనబడును. తలుపు తెరచి, లోపలికి పోక, దోషశోధన జరుగుచున్నదని భ్రమపడు విద్యార్థులను నేను చూచితిని. ‘ఇది తలుపు’ అని ఒక్క మాట వ్రాసినచో ఈ భ్రమ కలుగదు.

రెండవది మరింత చిక్కైనది. 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లకు ‘లో లెవెల్ డీబగ్గింగ్’ అను సౌకర్యము కలదు. తెర పనిచేయుటకు ముందే కెర్నెల్ ఆగిపోయినచో ఏమి జరిగినదో తెలిసికొనుటకు, సీరియల్ పోర్టు ద్వారా అక్షరములను నేరుగా వెలుపలికి పంపు ఉపాయమిది. దీనిని పెట్టిన కెర్నెల్ ఒక్క పోర్టుకే కట్టుబడునని, వేరు బోర్డుపై నడవదని సూచన స్పష్టముగానే హెచ్చరించుచున్నది. అంతవరకు మంచిదే. కాని తరువాత ఏ పోర్టును ఎన్నుకొనవలెనను పెద్ద పట్టిక వచ్చును. అందు పెక్కు సూచనలు, ఫలానా చిప్పుపై దోషశోధన కావలసినచో ఫలానా చిప్పును ఎన్నుకొనుము అని శీర్షికనే తిరుగ వ్రాసినట్లున్నవి. నీరు అనగా జలమని, జలమనగా నీరని చెప్పు నిఘంటువు వలన ఏమి ఉపయోగము? మా తరగతిలో ఒక విద్యార్థి పేరు దగ్గరగా నున్నదని వేరు బోర్డుకు చెందిన పోర్టును ఎన్నుకొనెను. ఒక్క అక్షరమైనను వెలువడలేదు. దోషమును చూపవలసిన సాధనమే మూగవోయినది. తన బోర్డు పటమును చూచి, సీరియల్ పోర్టు ఏ చిరునామాలో నున్నదో తెలిసికొనుమని ఆ సూచనలు చెప్పియుండవలసినది.

మూడవది అన్నింటికంటె గమనింపదగినది. పెక్కు సూచనల చివర ‘సందేహమున్నచో వద్దనుము’ అను అర్థముగల సలహా కలదు. పరికరమును అమ్ముటకు సిద్ధపరచువానికి ఇది మంచి సలహాయే. వేగము, జ్ఞాపకశక్తి, రహస్యము మూడును కాపాడవలెను గదా. కాని సందేహమే చదువునకు మొదటి మెట్టు. నేర్చుకొనవచ్చినవానికి ఈ సలహా తలుపు మూయుటయే యగును.

1997 జూలై 4న అంగారకునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌక కథ ఇచట స్మరింపదగినది. అందలి కెర్నెల్ లినక్స్ కాదు, ‘విఎక్స్‌వర్క్స్’. దిగిన కొన్ని దినములకే కంప్యూటరు మాటిమాటికి తనంతట పునఃప్రారంభమగుచుండెను. ముఖ్యమైన పని యొకటి, వాతావరణ పరిశీలన చేయు చిన్న పని చేతనున్న తాళమునకై ఆగియుండగా, మధ్యమస్థాయి పని యొకటి ఆ చిన్న పనిని ముందుకు సాగనీయలేదు. ముఖ్యమైన పని పూర్తికాలేదని గమనించి, కాపలా యంత్రాంగము కంప్యూటరును మరల మొదటినుండి నడిపించెను. జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు భూమిపైనున్న నకలు యంత్రములో ఇదే దోషమును రప్పించి, జరిగిన పనుల జాడను నమోదుచేయు సౌకర్యము సాయముతో కారణమును పట్టుకొనిరి. ఆ సౌకర్యమును నౌకతో పంపిన ప్రోగ్రామునుండియు తొలగింపలేదు. చికిత్స ఏమన, చిన్న పనికి తాత్కాలికముగా పెద్ద పని ప్రాధాన్యమును ఇచ్చు ఎంపిక యొకటి అంతవరకు ‘వద్దు’గా నుండెను, దానిని ‘అవును’గా మార్చిరి.

కావున ప్రతి సూచనయు నాలుగు సంగతులు చెప్పవలెనని నా అభిప్రాయము: ఇది ఏ దోషమును పట్టును? దీని ధర యెంత? పట్టినప్పుడు ఏమని పలుకును? ఎప్పుడు దీనిని తీసివేయవలెను? కాసన్ విషయమున ఇట్లు వ్రాయవచ్చును. పట్టునది జ్ఞాపకశక్తి హద్దుల అతిక్రమణ. ధర ఎనిమిదవ వంతు జ్ఞాపకశక్తి, మూడు రెట్ల ఆలస్యము. పలుకునది తప్పు జరిగిన చిరునామా, అచటికి వచ్చిన పిలుపుల వరుస. తీసివేయవలసినది వేగమును కొలుచుటకు ముందు. ఈ నాలుగు వాక్యములను తెలుగున వ్రాయుట ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల చదువు మన విద్యార్థులకు అసాధ్యము కాదు. లినక్స్ మూలము ఎల్లరకు తెరచియున్నది గనుక సూచనలను మెరుగుపరచి పంపుటయు వీలే.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. లోలకము ప్రయోగమున 9.8కి బదులు 9.1 వచ్చినచో మన పిల్లలు ఆ అంకెను చెరిపి 9.8 అని దిద్దుదురు. అది స్టార్టరు మీటకు పుల్ల పెట్టుటవంటిదే. చెరపవద్దని, తీగ పొడవును మరల కొలువుమని, డోలనములను సరిగా లెక్కించితివాయని వానిని అడుగుడు. దోషమును వెదకు అలవాటు బడిలోనే కుదిరినచో, కెర్నెల్ ముందు కూర్చున్ననాడు ఆ విద్యార్థి సందేహమునకు జంకడు.